పండగ నెలలో ఆప్తుల లోటు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలై, క్రిస్మస్, కొత్త సంవత్సరం మీదుగా జనవరి 14, 15 తేదీల సంక్రాంతి వరకు సాగే నెల రోజుల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. చదువులు, ఉద్యోగాలు, కాపురాల గురించి అడిగేవారు తగ్గి, పోయినవారిని తలచుకుని రాసేవారు పెరుగుతారు. అందుకే ఈ సంచికలో ఆ ఉత్తరాలకే చోటిస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తొలగించి, ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: నా భర్త ఆగస్టులో గుండెపోటుతో చనిపోయారు. మాకు పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి. ఏడాది తిరిగేవరకు ఇంట్లో ఏ పండగా చేయకూడదని మా అత్తమామలు చెప్పారు. నాకూ చేయాలని లేదు. కానీ ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి వీధిలో అందరి వాకిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు కనిపిస్తుంటే మా వాకిలి మాత్రం బోసిగా ఉంది. ‘మనకు ఈసారి కొత్త బట్టలు లేవా, భోగిమంట దగ్గరికి కూడా పోకూడదా’ అని మా అబ్బాయి అడుగుతున్నాడు. ప్రొద్దుటూరులో ఉన్న మా అన్న పండక్కి పిల్లలను తీసుకుని రమ్మంటున్నాడు. వెళితే ‘మొగుడు పోయి ఆరు నెలలు కాలేదు, అప్పుడే పండగలకు తిరుగుతోంది’ అంటారని భయం. వెళ్లకపోతే పిల్లల ముఖం చూడలేను. ఏం చేయాలి?
(ఒక సోదరి, కడప)

జవాబు: అమ్మా, ఏడాదిపాటు పండగలు చేసుకోకూడదన్న ఆచారాన్ని చాలామంది నిషేధంగా చూస్తారు. నేను దాన్ని ముందుగా ఒక రక్షణగా చూస్తాను. ఆప్తులు పోయిన ఇంట్లో తెల్లవారుజామునే లేచి తలంటుకోమనీ, పూర్ణం రుబ్బమనీ, వచ్చినవారికి నవ్వుతూ ఎదురువెళ్లమనీ మిమ్మల్ని ఎవరూ అడగకుండా ఆ ఆచారం అడ్డు నిలబడుతుంది. పండగ ఎందుకు చేయలేదని మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కాబట్టి మీ మనసుకూ, మీ అత్తమామల మాటకూ ఈ విషయంలో పేచీ లేదు. ఈ సంక్రాంతికి మీ ఇంట్లో పండగ ఉండదని నిశ్చింతగా ఖాయం చేసుకోండి.

పిల్లల సంగతి వేరు. చనిపోయినవారు తిరిగి రారన్న సంగతి పిల్లలకు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య తెలిసివస్తుంది కాబట్టి మీ అబ్బాయికి ఏం జరిగిందో అర్థమైంది. అయితే పెద్దల్లాగా పిల్లలు రోజంతా దుఃఖంలో ఉండలేరు. కాసేపు వెక్కివెక్కి ఏడ్చి, అంతలోనే బ్యాటు పట్టుకుని వీధిలోకి పరుగెత్తుతారు. అది చూసి ‘వీడికి తండ్రి మీద ప్రేమ లేదు’ అనే పెద్దలు ఉంటారు. ఆ మాట వాడి చెవిన పడకుండా మీరు అడ్డుకోవాలి. కొత్త బట్టలు లేవా అని వాడు అడగడంలో, నాన్నతోపాటు మన ఇంట్లో అన్నీ పోయాయా అన్న భయం కూడా ఉంటుంది. దానికి సూటిగా జవాబు చెప్పండి. ‘నాన్న చనిపోయారు కాబట్టి ఈ ఏడు మన ఇంట్లో పండగ చేయడం లేదు, వచ్చే ఏడు చేస్తాం. మామ వాళ్లింట్లో నువ్వు భోగిమంట చూడొచ్చు, ఆడుకోవచ్చు, నవ్వొచ్చు, నాన్న గుర్తొస్తే నా దగ్గరికి వచ్చి ఏడవొచ్చు’ అని చెబితే వాడికి చాలు. నాన్న ఊరెళ్లాడంటే పిల్లలు ఎదురుచూస్తారు, నిద్రపోయాడంటే నిద్రకే భయపడతారు; అందుకని చనిపోయాడన్న మాటనే వాడండి. పిల్లలకు కొనే బట్టలు పండగ బట్టలు కాకుండా మామ పెట్టిన బట్టలుగా ఇంట్లోకి వస్తే మీ అత్తమామలకూ కష్టం ఉండదు.

మీ ఉత్తరంలో అబ్బాయి మాటలున్నాయి, అమ్మాయి గురించి మాత్రం వయసు తప్ప ఒక్క మాట లేదు. ఆ వయసు ఆడపిల్లలు తల్లి కళ్లు చూసి తమ ఏడుపును దిగమింగుకుంటారు. ఇంటిపని మీద వేసుకుంటారు, తమ్ముడిని సాకుతారు, అందరిచేతా బంగారుతల్లి అనిపించుకుంటారు. అడగని ఆ పిల్లను మీరే ముందు పలకరించండి. ఒక సాయంత్రం ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ‘నీకెలా ఉంది, నాన్న లేకుండా ఈ పండగ రోజుల్లో నీకేం కావాలి’ అని అడగండి. వెంటనే జవాబు రాకపోయినా ఫరవాలేదు.

ప్రొద్దుటూరు వెళ్లాలా అన్నదానికి నా సమాధానం, వెళ్లండి అనే. అయితే ముందు మీ అత్తగారితో మాట్లాడండి. మీరు భర్తను పోగొట్టుకున్న ఇంట్లోనే ఆమె కొడుకును పోగొట్టుకున్నారు. మీరు వెళతానంటే ఆమె ముఖం మారడానికి కారణం ఆచారం ఒక్కటే కాకపోవచ్చు. మనవడు, మనవరాలు కూడా లేని ఇంట్లో ఆ మూడు రోజులు ఎలా గడపాలన్న బెంగ కావచ్చు. ‘అత్తా, పిల్లలు భోగినాడు వాళ్ల మామ దగ్గర ఉంటారు, సంక్రాంతి పొద్దున్నకల్లా వచ్చేస్తాం, ఆ రోజు మీ దగ్గరే ఉంటాం’ అని చెప్పి చూడండి. కడప నుంచి ప్రొద్దుటూరు గంటన్నర ప్రయాణమే కాబట్టి ఇది కుదరని పని కాదు. ఆమె సరే అంటే, వీధిలో ఎవరైనా అనబోయే మాటకు ఆమే జవాబు చెప్పగలరు.

పుట్టింటికి వెళ్లేముందు మీ వదినతో కూడా ఒక సంగతి మాట్లాడి ఉంచుకోండి. పేరంటాళ్లకు పసుపు కుంకుమలు ఇచ్చేటప్పుడు, ఊరికి బయలుదేరే ఆడపడుచుకు బొట్టు పెట్టేటప్పుడు కుంకుమ భరిణ పట్టుకున్న చెయ్యి మీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతుంది. ఇలాంటి ఉత్తరాల్లో ఆడవాళ్లు మళ్లీ మళ్లీ రాసే బాధ అదే. మీకు బొట్టు కావాలో వద్దో మీరే తేల్చుకుని వదినకు ముందే చెప్పండి. కావాలంటే ఆమె మొదట మీకే పెట్టాలి. వద్దనుకుంటే, ఆ సమయానికి మీరు పెరట్లో పిల్లల దగ్గర ఉండేలా ఆమె చూసుకుంటుంది.

ముగ్గు గురించి కూడా చెప్పాలి. ఈ ఏడు వాకిట్లో ముగ్గు లేకపోవడం ఇల్లంతటికీ వర్తించే ఆచారం. ఏడాది దాటిన తర్వాత కూడా ‘నువ్వు వేయకూడదు, కోడలో కూతురో వేయాలి’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి 140 ఏళ్లు దాటింది. భర్త పోయిన స్త్రీని శుభానికి దూరంగా నిలబెట్టే అలవాటు ఇంకా మన ఇళ్లలో మిగిలి ఉండడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. దుఃఖానికి ఒక ఏడాది గడువిచ్చిన ఆచారాన్ని గౌరవిద్దాం. గడువు లేని శిక్షను ఆచారంగా అంగీకరించనక్కర్లేదు.

ఇక సంక్రాంతి మన దగ్గర పెద్దల పండగ కూడా. పోయినవారి పేరున కొత్త బట్టలు, వండిన వంటలు పెట్టి మొక్కుకునే ఇళ్లు సీమలో ఎన్నో ఉన్నాయి. కొన్ని ఊళ్లలో సమాధుల దగ్గరికి వెళ్లి పూలు పెట్టి వస్తారు. సంవత్సరీకం కాకముందే మీ భర్తను పెద్దల్లో కలిపి పెట్టవచ్చా లేదా అన్నది ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీ ఇంటి పెద్దలను, పురోహితుణ్ని అడగండి. కుదరదంటే, ఆ రోజు ఆయనకు ఇష్టమైన కూర ఒకటి వండి, పిల్లల చేతుల మీదుగా ఆకలిగొన్న నలుగురికి పెట్టించండి. దానికి ఏ ఆచారమూ అడ్డురాదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. వయసు 67. నా భార్య క్యాన్సర్‌తో చనిపోయి రెండేళ్లు దాటింది. మొదటి ఏడాది ఎలాగో గడిచింది. ఈ ఏడు పండగలు దగ్గరపడేకొద్దీ బాధ ఎక్కువైంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. నిద్ర కోసం రాత్రిళ్లు కొద్దిగా మద్యం తీసుకుంటున్నాను. వంట చేసుకోబుద్ధి కాదు. సంక్రాంతికి ఆమె చేసే ఓళిగలు (బొబ్బట్లు) గుర్తొచ్చి, కొని తెచ్చినవి ఆమె పటం ముందు పెట్టడానికి మనసొప్పలేదు. దుఃఖానికి ఐదు దశలుంటాయని వాట్సాప్‌లో చదివాను. నేను మళ్లీ మొదటి దశకు వచ్చానా? చలికాలంలో పగటి వెలుతురు తగ్గడం వల్ల కూడా దిగులు వస్తుందంటున్నారు, నిజమేనా? బెంగళూరులో ఉన్న నా ఇద్దరు కొడుకులు పండక్కి అక్కడికి రమ్మంటున్నారు. నాకు ఇల్లు వదలాలని లేదు. ఇది జబ్బా, వయసా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, అనంతపురం)

జవాబు: అయ్యా, మొదటి ఏడాది దాటాక బాధ పెరగడం చాలామందిలో కనిపించేదే. మొదటి ఏడాది మాసికాలు, కుటుంబ పింఛను కాగితాలు, బ్యాంకు పనులు, వచ్చిపోయే బంధువులతో గడిచిపోతుంది. సంవత్సరీకం అయ్యాక, పాపం తేరుకున్నాడనుకుని అందరూ ఎవరి పనుల్లోకి వాళ్లు వెళతారు. ఫోన్లు తగ్గుతాయి. ఆమె ఇక లేదన్న సంగతి పూర్తిగా తెలిసివచ్చేది తరచుగా అప్పుడే.

ఐదు దశల మాటను ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో ప్రచారంలోకి తెచ్చారు. ఆమె మాట్లాడింది మరణానికి చేరువైన రోగులతో. ఆ తర్వాత అది ఆప్తులను పోగొట్టుకున్నవారికి కూడా అన్వయమై, చివరకు అందరూ వరుసగా దాటవలసిన మెట్లుగా ప్రచారమైంది. నిజ జీవితంలో దుఃఖం అలా వరుసగా నడవదు. మీకు ఉపయోగపడేది మరొక వివరణ. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పినదాని ప్రకారం, దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య తిరుగుతూ ఉంటాడు. ఒకవైపు పోయినవారిని తలచుకోవడం, ఏడవడం, వారి వస్తువులు ముట్టుకోవడం. రెండోవైపు వంట నేర్చుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, కొత్తగా ఎవరితోనైనా మాట కలపడం. ఈ రాకపోకలు సాగుతున్నంతకాలం మనిషి క్షేమంగానే ఉన్నట్టు. ఒకే వైపు చిక్కుకుపోతేనే ఇబ్బంది. మీ ఉత్తరం చదివితే, మీరు ఈమధ్య రెండోవైపుకు రావడం బాగా తగ్గిపోయిందనిపిస్తోంది.

చలికాలపు చీకటి మాట ఐరోపా ఉత్తర దేశాలకు బాగా వర్తిస్తుంది. అక్కడ డిసెంబరులో పగలు కొన్ని గంటలే. అనంతపురంలో సంవత్సరం మొత్తంలో అతి చిన్న పగలు కూడా దాదాపు పదకొండుంపావు గంటలు ఉంటుంది, జూన్‌లో అతి పెద్ద పగలు దాదాపు పదమూడు గంటలు. ఇంత చిన్న తేడాకు మీ బాధనంతా అంటగట్టడం సరికాదు. మిమ్మల్ని కదిలిస్తున్నది పండగే. అయినా ఉదయం ఎండలో అరగంట నడవడం మంచిదే. నిద్రకూ, ఆకలికీ అది ఉపకరిస్తుంది.

జబ్బా అన్న ప్రశ్నకు ఉత్తరం చూసి జవాబు చెప్పడం తగదు, కానీ వైద్యులు దేన్ని చూస్తారో చెప్పగలను. దీర్ఘకాలం వీడని తీవ్ర దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమలులో ఉంది. ఆ వర్గీకరణలో కనీస గడువు ఆరు నెలలు. అమెరికా మానసిక వైద్యుల సంఘం అదే ఏడాది మార్చిలో తన జాబితాలో చేర్చినప్పుడు పెద్దలకు పన్నెండు నెలలు పెట్టింది. గడువు ఒక్కటే లెక్కలోకి రాదు. పోయినవారి కోసం దాదాపు ప్రతిరోజూ తీవ్రంగా తపించడం, తనలో ఒక భాగం కూడా చనిపోయిందనిపించడం, బతుకు అర్థం లేనిదిగా తోచడం, రోజువారీ పనులు చేసుకోలేకపోవడం, ఇదంతా తమ సమాజంలో మామూలుగా కనిపించే దుఃఖాన్ని మించి ఉండడం చూస్తారు. రెండేళ్లయినా కన్నీళ్లు వస్తున్నాయన్నంత మాత్రాన ఎవరికీ ఆ పేరు పెట్టరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ నిద్ర. తెల్లవారుజామునే మెలకువ రావడం, తిండి మీద ధ్యాస లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది దుఃఖంతోపాటు డిప్రెషన్ కూడా కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. మీరు తీసుకునే మద్యం ఈ మెలకువను ఇంకా పెంచుతుంది. మద్యం మొదట మగత తెప్పించినా, రాత్రి రెండో సగంలో నిద్రను చెదరగొడుతుంది. దాన్ని మానడానికి కూడా వైద్యుడి సలహా తీసుకోండి. రోజూ ఎక్కువగా తీసుకునే అలవాటుంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. బీపీ, షుగరు మాత్రలు వాడుతుంటే తప్పకుండా వేసుకోండి, థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. అక్కడి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. గడప దాటబుద్ధి కాకపోతే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ‘ఆమె దగ్గరికి వెళ్లిపోతే బాగుండు’ అని మీకు ఎప్పుడైనా అనిపించి ఉంటే, అది దుఃఖంలో చాలామందికి తోచే మాటే. అయితే ఎలా వెళ్లాలా అని ఆలోచన సాగుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ రోజే కొడుకులకు చెప్పండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి.

బెంగళూరు సంగతి. మీకు వెళ్లాలని లేదు, కొడుకులకు మిమ్మల్ని ఒంటరిగా వదలాలని లేదు. ఈ ఏడు వాళ్లే అనంతపురం రావాలని నా అభిప్రాయం. కనీసం ఒకరైనా రావాలి. మీకు ఇల్లు వదలాలని లేదని వాళ్లకు చెప్పారా? చాలామంది తండ్రులు ‘మీకెందుకు శ్రమ, నేను బాగానే ఉన్నాను’ అంటారు, పిల్లలు నిజమేననుకుంటారు. ‘సంక్రాంతినాడు అమ్మకు పెట్టేటప్పుడు మీరు నా పక్కన ఉండాలి’ అని స్పష్టంగా అడగండి. వాళ్లు వచ్చినప్పుడు ఓళిగలు ఇంట్లోనే చేయండి. పూర్ణంలో బెల్లం ఎంత పడాలో, యాలకులు ఎప్పుడు వేసేదో, ఆమె చేతి రుచి ఎలా ఉండేదో ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసినవారు మీరే. మీరు చెబుతుంటే కొడుకులు, కోడళ్లు చేస్తారు. మొదటి వాయి విరిగిపోవచ్చు, ఫరవాలేదు, అవి మీరంతా తినండి. కుదిరినవి ఆమెకు పెట్టండి. పండగ తర్వాత, మీకు ఇష్టమైతే, వారం పది రోజులు బెంగళూరు వెళ్లి రావచ్చు.

ప్రశ్న: మా అమ్మ నిరుడు డిసెంబరు 19న చనిపోయింది. నేను చర్చి క్వయర్‌లో పాడతాను. ఈసారి క్యారల్స్ సాధనలో పాట ఎత్తుకోగానే గొంతు పూడుకుపోతోంది. ‘అమ్మ ప్రభువు దగ్గర ఉంది, విశ్వాసులు నిరీక్షణ (ఆశ) లేనివాళ్లలా ఏడవకూడదు’ అని సంఘంలో పెద్దలు అంటున్నారు. నాన్న ఈ ఏడు ఇంటికి స్టార్ కట్టవద్దంటున్నాడు, తమ్ముడు అమ్మకు ఇష్టం కాబట్టి కట్టాలంటున్నాడు. నా విశ్వాసం బలహీనమైందా?
(ఒక ఉపాధ్యాయిని, కర్నూలు)

జవాబు: వాళ్లు చెబుతున్న మాట థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలోది. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని అక్కడ ఉంది. అసలు దుఃఖపడవద్దని లేదు. యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో, చనిపోయిన లాజరును తిరిగి బతికించడానికే వెళ్లిన యేసు కూడా ఆ సమాధి దగ్గరికి పోతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. క్రిస్మస్ కథలోనే మరో సంగతి ఉంది. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానులు వచ్చి వెళ్లిన తర్వాత, హేరోదు రాజు చంపించిన బేత్లెహేము పసిపిల్లల కోసం తల్లులు ఓదార్పు పొందనొల్లక ఏడ్చిన ఏడ్పు వినిపిస్తుంది. సువార్తికుడు దాన్ని దాచలేదు. కాబట్టి క్రిస్మస్ రోజుల్లో ఏడవడం మీ విశ్వాసానికి లోపం కాదు.

అమ్మ తేదీ, పండగ తేదీ ఇంత దగ్గరగా ఉండడం కష్టమే. ఆ నెల వాతావరణం, ఇళ్ల మీద దీపాలు, రోజ్ కుకీల వాసన అన్నీ ఆసుపత్రి రోజులను గుర్తుచేస్తాయి. అందుకని 19వ తేదీని పూర్తిగా అమ్మకే ఇవ్వండి. ఆ రోజు సమాధికి పూలు, కొవ్వొత్తులు తీసుకెళ్లండి. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుని, పాస్టరుగారిని ముందే కలిసి, ‘ఏడవవద్దని చెప్పే ప్రసంగం కాకుండా అమ్మ జీవితం గురించి నాలుగు మాటలు చెప్పండి’ అని అడగండి. ఆ రోజు ఏడవవలసినంత ఏడిస్తే 25వ తేదీ బరువు కొంత తగ్గుతుంది.

క్వయర్ విషయంలో, ఇంటింటికీ తిరిగే రాత్రి క్యారల్స్‌ను ఈ ఏడు మానుకుని, క్రిస్మస్ ఆరాధనలో మాత్రం పాడవచ్చేమో ఆలోచించండి. క్యారల్స్‌లో ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు ‘మీ అమ్మ పోయిన ఏడు కదమ్మా’ అని కదిలిస్తారు. ఆరాధనలో వరుస చివర, తలుపుకు దగ్గరగా నిలబడితే, గొంతు పూడుకున్నప్పుడు ఎవరికీ అడ్డం కాకుండా బయటికి వెళ్లి రావచ్చు. క్వయర్ నడిపేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

నాన్న వద్దనడం, తమ్ముడు కావాలనడం రెండూ అమ్మ మీద ప్రేమతోనే. స్టార్ వెలిగితే ఆమె లేదన్న సంగతి నాన్నకు ప్రతి సాయంత్రం గుర్తొస్తుంది. వెలగకపోతే అదే సంగతి తమ్ముడికి గుర్తొస్తుంది. 19వ తేదీ దాకా కట్టకుండా ఉండి, కూడిక అయ్యాక తమ్ముడి చేత కట్టించమని నాన్నను అడిగి చూడండి. అప్పటికీ ఆయన వద్దంటే, ఈ ఒక్క ఏడు ఆయన మాట మన్నించండి.

ప్రశ్న: నేను అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. నన్ను పెంచిన మా అవ్వ, అంటే అమ్మవాళ్ల అమ్మ, అక్టోబరులో చనిపోయింది. పరీక్షల వల్ల చివరి చూపు దక్కలేదు. ‘ముసలామె కదా, ఇంకా ఏడుస్తావేంట్రా’ అని హాస్టల్లో అంటున్నారు. సంక్రాంతి సెలవులకు కల్యాణదుర్గం దగ్గర మా పల్లెకు వెళ్లాలంటేనే భయంగా ఉంది.
(ఒక విద్యార్థి)

జవాబు: నాయనా, నిన్ను పెంచిన మనిషి కోసం నువ్వు ఏడుస్తున్నావు. వయసు ఎనభై అయినా, తొంభై అయినా ఆ చేతుల్లో పెరిగినవాడికి లోటు లోటే. పల్లెకు తప్పక వెళ్లు. దిగిన రోజే, చుట్టాలు పోగుకాకముందే, మీ మామనో అమ్మనో వెంటబెట్టుకుని అవ్వను ఉంచిన చోటికి వెళ్లి, చెప్పాలనుకున్నవన్నీ చెప్పుకో. చివరి రోజుల్లో అవ్వ ఏం మాట్లాడింది, నిన్ను తలచుకుందా అని అడుగు. చివరి చూపు దక్కనివారికి ఆ వివరాలు చాలా అవసరం. మీ అమ్మకు కూడా అమ్మ పోయింది, ఆమెను కూడా పలకరించు. నీ ఫోన్లో అవ్వ గొంతు ఉన్న రికార్డులు, వీడియోలు ఏవైనా ఉంటే ఇంకో చోట కూడా భద్రపరచుకో; ఫోన్ పాడైతే అవి మళ్లీ దొరకవు.

ప్రశ్న: మేము ముస్లింలం. మా పక్కింటివారి ఇరవై రెండేళ్ల కొడుకు ఏప్రిల్‌లో బండి ప్రమాదంలో చనిపోయాడు. ఎన్నో ఏళ్లుగా రంజాన్‌కు మేం సేమ్యా పంపితే, సంక్రాంతికి వాళ్లు కజ్జికాయలు, నువ్వుల రొట్టెలు పంపేవారు. ఈసారి వాళ్లింట్లో పండగ లేదు. ఆ రోజు వాళ్లింటికి వెళ్లాలా? వెళితే ఏం మాట్లాడాలి? కొడుకు పేరెత్తితే ఆమె బాధ పెరుగుతుందేమో.
(ఒక పొరుగింటి ఇల్లాలు, ఆదోని)

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. మరణం సంభవించిన ఇంటికి అన్నం వండి పంపమని ప్రవక్త చెప్పిన మాట మీకు తెలిసిందే; తన బంధువు జాఫర్ మరణవార్త వచ్చినప్పుడు జాఫర్ ఇంటివారి కోసం భోజనం సిద్ధం చేయమన్నారు. ఆ సాయం మొదటి మూడు రోజులతో ఆగనక్కర్లేదు. తీపి వద్దు. మామూలు అన్నం, పప్పు, ఒక కూర, వాళ్లు తినేవే చేసి, మధ్యాహ్నానికి ముందే తీసుకెళ్లండి. వీధంతా పిండివంటల వాసన వస్తున్నప్పుడు, పొయ్యి వెలిగించాలని లేని ఇంట్లో ఆ పూట అన్నం దొరకడం పెద్ద సాయం.

కొడుకు పేరెత్తడానికి భయపడకండి. మీరు గుర్తుచేస్తే తప్ప ఆమెకు గుర్తురాని సంగతి కాదది. చుట్టూ ఉన్నవారు ఆ పేరు పలకడమే మానేస్తే, తన బిడ్డను లోకం అప్పుడే మరిచిపోయిందని తల్లి కుమిలిపోతుంది. ‘పోయిన సంక్రాంతికి ఆ పళ్లెం మా ఇంటికి తెచ్చింది వాడే’ అని మీకు తెలిసిన సంగతి ఒకటి చెప్పండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. ‘దేవుడు మంచివాళ్లనే ముందు తీసుకుపోతాడు’, ‘ఇంకో బిడ్డ ఉన్నాడు కదా’, ‘కాలమే మాన్పుతుంది’ లాంటి మాటలు మాత్రం అనవద్దు. అవి వినేవారికి ఎదురు చెప్పలేని, ఒప్పుకోనూ లేని మాటలు. ఆ ఇంటి తండ్రిని కూడా మరవకండి. ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరినప్పుడు ఆయన ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉంటాడు. మీ ఇంటాయన వెళ్లి పక్కన కూర్చుంటే చాలు, ఏమీ మాట్లాడకపోయినా సరే.

పండగ పోయాక కూడా వెళ్లండి. అందరూ పలకరించేది ఆ మూడు రోజులే. ఆ అబ్బాయి పుట్టినరోజు ఎప్పుడో కనుక్కుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజున, ఏప్రిల్‌లో ఏడాది తిరిగే రోజున ఆమెకు తోడుగా కాసేపు కూర్చుని రండి. రంజాన్ వచ్చినప్పుడు సేమ్యా పంపాలా అని సందేహం వస్తుంది. పంపేముందు ఆమెనే అడగండి; వద్దంటే ఆ సాయంత్రం వట్టి చేతులతోనే వెళ్లి పలకరించండి.